పాట సాగుతోందా? ముందు బెల్టు చూడండి!

అటకల మీద పాత దుప్పట్లు చుట్టి పడేసిన రికార్డ్ ప్లేయర్లు ఈమధ్య చాలా ఇళ్ళల్లో మళ్ళీ హాల్లోకి వస్తున్నాయి. పిల్లలు కొత్తవి కూడా కొని తెస్తున్నారు. తెచ్చినవాళ్ళు నాలుగు రోజులు ముచ్చటగా మోగించి ఎవరి ఉద్యోగాలకు వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ తర్వాత దాని దుమ్ము దులిపేదీ, పాట సాగుతోందని కనిపెట్టేదీ, బాగు చేయించమని ఇంట్లోవాళ్ళని పోరేదీ మనమే కదా! నిజానికి దీన్ని చూసుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. కుట్టుమిషనుకి బెల్టు మార్చి నూనె వేసుకునే చేతులకు ఇది కొత్త పనేం కాదు.

రికార్డు పెట్టే పళ్ళేన్ని తిప్పే పద్ధతులు మూడు. రబ్బరు చక్రం ఆనించి తిప్పేవి పాతకాలంవి. పళ్ళెం కిందే మోటారు ఉండి నేరుగా తిప్పేవి ఖరీదైనవి. మూడోది బెల్టుది. ఇప్పుడు ఇళ్ళల్లోకి వచ్చేవాటిలో ఎక్కువభాగం ఇవే. తొక్కే కుట్టుమిషనుకి కింద పెద్ద చక్రం నుంచి పైన చిన్న చక్రానికి తోలుబెల్టు ఉంటుంది చూడండి, ఇదీ అంతే. కాకపోతే అక్కడ పెద్దది చిన్నదాన్ని తిప్పుతుంది. ఇక్కడ మోటారుకున్న చిన్న పుల్లీ పెద్ద పళ్ళేన్ని తిప్పుతుంది. రబ్బరు బెల్టే ఎందుకంటే, మోటారు అదురు పళ్ళెం దాకా వెళ్ళకుండా మధ్యలో అది మింగేస్తుంది. సూది ఎంత సున్నితమంటే మోటారు అదిరితే ఆ గుర్రు కూడా పాటతో పాటు వినిపించేస్తుంది మరి.

ఎక్కడ పెట్టుకోవాలి?

ముందుగా వంటింటికి దూరంగా పెట్టండి. తాలింపు పొగలోని నూనె జిడ్డు రికార్డుల గీతల్లో చేరిందంటే దాని మీద దుమ్ము పేరుకుని ఒక పట్టాన వదలదు. భక్తి పాటల కోసమని పూజగదిలో పెట్టేవాళ్ళున్నారు. అగరువత్తుల బూడిద, సాంబ్రాణి పొగ రెండూ సూదికి పడవు. పూజగది గుమ్మం బయట పెట్టుకున్నా పాట వినపడుతుంది కదండీ!

బల్ల కదలకుండా, మట్టంగా ఉండాలి. ఇంట్లో తాపీ పని జరుగుతుంటే మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి పళ్ళెం మీద నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి చూడండి. బుడగ మధ్యలో నిలవాలి. లేకపోతే ఏ కాలు పల్లంగా ఉందో దాని కింద అట్టముక్క పెట్టి సరిచేయండి. ఒకపక్కకి వాలి ఉంటే సూది గీత గోడల్లో ఒకదాన్నే రాస్తూ పోతుంది, రికార్డు అరుగుతుంది. స్పీకర్లని మాత్రం అదే బల్ల మీద పెట్టకండి. స్పీకరు అదురు సూదికి ఎక్కి, అది మళ్ళీ స్పీకర్లోకి వెళ్ళి, ధ్వని పెంచగానే 'కూ' మని ఊళేస్తుంది. పెళ్ళి పందిట్లో మైకు అరిచినట్టన్నమాట.

బెల్టు తొడగడం

కరెంటు ప్లగ్గు పీకేసి మొదలుపెట్టండి. కొత్తదానిలో బెల్టు విడిగానో, పళ్ళెం అడుగున ముందే చుట్టో వస్తుంది. పైన ఉండే రబ్బరు చాపో, ఉన్ని చాపో తీసేస్తే పళ్ళేనికి ఒకటో రెండో కంతలు కనిపిస్తాయి. బెల్టుని పళ్ళెం అడుగున ఉండే లోపలి గట్టు చుట్టూ మెలిక లేకుండా తొడిగి, పళ్ళేన్ని మధ్య కడ్డీ మీద కూర్చోబెట్టి, ఆ కంత మోటారు పుల్లీ దగ్గరికి వచ్చేలా తిప్పండి. కంతలోంచి బెల్టుని వేలితో లాగి పుల్లీకి తగిలించడమే. కొన్ని కంపెనీలు అలా లాగడానికి చిన్న రిబ్బను ముక్క కట్టి ఇస్తాయి. తగిలించాక దాన్ని తీసేయాలి సుమా! తర్వాత పళ్ళేన్ని చేత్తోనే అయిదారు చుట్లు తిప్పితే బెల్టు తన చోట తను సర్దుకుంటుంది.

చేతులు మాత్రం సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని చేయండి. తలకి నూనె రాసుకున్న చేత్తో బెల్టు పట్టుకుంటే ఆ జిడ్డుకి పుల్లీ మీద జారుతూనే ఉంటుంది.

కొన్నిట్లో వేగం మార్చడానికి మీట ఉండదు. పుల్లీకే రెండు మెట్లుంటాయి. బెల్టు సన్న మెట్టు మీదుంటే 33, లావు మెట్టు మీదుంటే 45. పెద్ద ఎల్పీలు 33 మీదా, సినిమా పాటల చిన్న ఇ.పి.లు ఎక్కువగా 45 మీదా తిరుగుతాయి. రికార్డు మధ్య కాగితం మీద రాసే ఉంటుంది, చూసుకోండి.

అసలు కిటుకు తూకంలో ఉంది

సూది ఉన్న చెయ్యి రికార్డు మీద ఎంత బరువు మోపుతుందన్నదే అన్నిటికన్నా ముఖ్యం. చాలామంది పట్టించుకోనిదీ ఇదే. సూట్‌కేసులాంటి చౌకరకం వాటిల్లో మనం మార్చేదేం ఉండదు, బరువు కంపెనీవాళ్ళు పెట్టిందే. కాస్త మంచివాటికి చెయ్యి వెనకవైపు గుండ్రటి బరువు ఒకటి, దాని ముందు అంకెల చక్రం ఒకటి ఉంటాయి. చెయ్యి పక్కనే చిన్న బిరడాలాంటి బటను ఉంటుంది. చెయ్యి లోపలికి లాక్కుపోకుండా ఆపేది అది. మొదట దాన్ని సున్నా మీద పెట్టండి. సూదికున్న ప్లాస్టిక్ తొడుగు తీయండి, తొడుగు బరువు కూడా లెక్కలోకి వస్తుంది గనక. కట్టు విప్పి చేతిని పళ్ళేనికీ, దాని కొక్కేనికీ మధ్యలో గాలిలో వదలండి. మన చెయ్యి మాత్రం కిందే సిద్ధంగా ఉండాలి. ముక్కు కిందికి వాలితే వెనక బరువుని కాస్త వెనక్కి, పైకి లేస్తే కాస్త ముందుకి తిప్పుతూ రండి. త్రాసు ముల్లు నిలిచినట్టు చెయ్యి అటూ ఇటూ వాలకుండా తేలుతూ నిలబడాలి. పది నిముషాలు పట్టినా తొందరపడకండి.

అలా నిలిచాక చేతిని కొక్కేనికి కట్టేసి, బరువు కదలకుండా అంకెల చక్రాన్ని మాత్రం సున్నాకి తిప్పండి. ఇప్పుడు బరువూ, చక్రమూ కలిసి తిరిగేలా ముందుకి తిప్పుతూ మీ సూదికి కావలసిన అంకె దగ్గర ఆపండి. ఆ అంకె సూదితో వచ్చిన కాగితం మీద ఉంటుంది. చాలా సూదులకి ఒకటిన్నర నుంచి రెండున్నర గ్రాముల మధ్య ఉంటుంది. పక్క బటన్ని కూడా అదే అంకె మీద పెడితే తూకం అయిపోయినట్టే. నమ్మకం చాలకపోతే బంగారం తూచేలాంటి చిన్న డిజిటల్ కాటాలు దొరుకుతున్నాయి. పళ్ళెం తిరగకుండా ఆపి, దాని మీద కాటా పెట్టి సూదిని మెల్లగా దించితే ఎంతుందో చెప్పేస్తుంది.

బరువు తక్కువ పెడితే రికార్డు అరగదని కొందరి లెక్క. అది తప్పు. తేలిగ్గా ఉన్న సూది గీతలో కుదురుగా కూర్చోక ఎగిరెగిరి గోడల్ని కొడుతుంది, గొంతులు చీరుకుపోయినట్టు వినిపిస్తాయి. ఇంకొందరు సూది జారుతోందని ముక్కు మీద రూపాయి బిళ్ళ అంటిస్తారు. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపాయి బిళ్ళ మూడు గ్రాములకు పైనే ఉంటుంది. రెండు గ్రాములు మోయాల్సిన గీత మీద అయిదు గ్రాములు మోపితే ఏం మిగులుతుంది చెప్పండి? ఆ రికార్డులు మళ్ళీ అచ్చు కావు. నాకైతే బిళ్ళ అంటించిన ప్లేయర్ కనిపిస్తే ముందు ఆ బిళ్ళ పీకేయాలనిపిస్తుంది, ఎవరిల్లయినా సరే!

ఘంటసాలకి జలుబు చేసిందా?

మా అత్తయ్యగారికి చూపు తగ్గింది. పుస్తకం చదవలేరు, టీవీ అక్కర్లేదంటారు. ఆవిడకి పొద్దున్నే కాఫీ తర్వాత ఘంటసాలగారి భగవద్గీత ఎల్పీ మోగాలి. ఫోన్లో పెట్టిస్తామంటే ఒప్పుకోరు. దానికో కారణం ఉంది. ఆ రికార్డు మీద ఒకచోట మామయ్యగారి చేతిలోంచి సూది జారి గీసుకుపోయింది. అక్కడికొచ్చేసరికి పది పన్నెండుసార్లు 'టక్, టక్' మంటుంది. ఘంటసాలగారు 1974లో పోయారు, మా మామయ్యగారు పోయి ఆరేళ్ళయింది. ఆవిడ వినేది గీతనొక్కదాన్నే కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఒకరోజు, "అమ్మాయ్, ఘంటసాలకి జలుబు చేసినట్టుందే," అన్నారు. నిజమే, గొంతు కాస్త లావుగా, బరువుగా వస్తోంది. "టక్కులు కూడా నెమ్మదించాయి," అన్నారావిడ. మావారు ప్లేయర్ని రిపేరు షాపుకి తీసుకెళితే, మోటారు పోయింది, ఈ మోడల్ మోటార్లు రావు, పాతసామానుకి ఇచ్చేయండని చెప్పి పంపేశారు. అత్తయ్యగారు ఆ పూట అన్నం సగంలోనే లేచారు.

నేను చేసిన పరీక్ష మీరూ చేసుకోవచ్చు. పాత రికార్డు అంచు మీద చిన్న కాగితం ముక్క పెట్టి, వేగం 33 మీద ఉంచి, ఫోన్లో గడియారం చూస్తూ చుట్లు లెక్కపెట్టండి. అసలు లెక్క నిముషానికి 33 చుట్లు, పైన ఇంకో మూడో వంతు. అంటే మూడు నిముషాల్లో సరిగ్గా 100 చుట్లు. ఒక్కో చుట్టుకి 1.8 సెకన్లు. మా అత్తయ్యగారి 'టక్' కూడా చుట్టుకొక్కసారి కనక అదీ 1.8 సెకన్లకే రావాలి, ఆవిడ చెవి ఎంత నిక్కచ్చో చూడండి! నేను లెక్కపెడితే మూడు నిముషాల్లో 94 చుట్లే వచ్చాయి.

తర్వాత బెల్టు విప్పేసి మోటారు ఒక్కదాన్నే వేసి చూశాను. పుల్లీ చప్పుడు లేకుండా, ఆగకుండా తిరుగుతోంది. మోటారు పోతే అలా తిరగదు కదా. బెల్టేమో సాగి లుంగలా వేలాడుతోంది, మెరుపెక్కి నున్నగా ఉంది. కొత్త బెల్టు తెప్పించి వేస్తే మూడు వందల చిల్లరతో పనైపోయింది. మూడు నిముషాలకి 100 చుట్లు వచ్చాక పిలిచి వినిపించాను. ఆవిడ టక్కుల దాకా విని, "ఆఁ, ఇదీ మీ మామయ్యగారి చెయ్యి," అన్నారు.

బెల్టు కొనేటప్పుడు మోడల్ నంబరు చెప్పి తీసుకోవడం మంచిది. నంబరు చెరిగిపోతే బెల్టు నడిచే దారి చుట్టూ, అంటే లోపలి గట్టూ, పుల్లీ కలిపి దారం చుట్టి కొలవండి. కొత్త బెల్టు ఆ కొలతకన్నా కాస్త చిన్నదిగా ఉండి బిగువుగా పట్టాలి. మరీ బిగువైతే మోటారు మీద భారం. వెడల్పూ, మందమూ కూడా పాతదానితో సరిపోవాలి. మందం పెరిగితే వేగం కూడా కాస్త పెరుగుతుంది. ఆకుకూర కట్టలకి వేసే రబ్బరు బ్యాండు తగిలించి చూద్దామనుకోకండి, అది సమంగా లాగదు, పాట ఊగుతుంది.

చాలా ఏళ్ళు అటక మీదున్నదానిలో బెల్టు కరిగి తారులాగా పళ్ళేనికి అంటుకుపోయి ఉంటుంది. మందులషాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడిగి తెచ్చి, దూదితో అద్దుతూ పుల్లీనీ, లోపలి గట్టునీ మెరిసేదాకా తుడవండి. కొత్త బెల్టుకి మాత్రం అది రాయకండి. దుమ్ము పడితే తడిపి పిండిన బట్టతో తుడిచి ఆరబెడితే చాలు. రెండు మూడు నెలలు ఊరెళుతుంటే బెల్టుని పుల్లీ మీదనుంచి జార్చి వెళ్ళండి, ఒకేచోట వంగి గట్టిపడకుండా ఉంటుంది.

బెల్టు బాగానే ఉన్నా పాట ఊగుతుంటే మధ్య కడ్డీ ఎండిపోయిందేమో చూడాలి. పాతవాటిలో పళ్ళెం తీసి, పాత జిడ్డు తుడిచి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క, మహా అయితే రెండు చుక్కలు వేయండి. కొబ్బరినూనె వద్దు, గడ్డకడుతుంది. నూనె వేయొద్దని పుస్తకంలో ఉంటే వేయకండి. వేసిన నూనె పొరపాటున బెల్టు మీద పడకూడదు. రికార్డు మధ్య చిల్లు సరిగ్గా మధ్యలో లేకపోయినా పాట ఊగుతుంది. ఇంకో రికార్డు పెట్టి చూస్తే తేలిపోతుంది.

గుర్రుమంటుంటే, గొణుగుతుంటే

ప్లేయర్ని నేరుగా టీవీ స్పీకరుకో, మామూలు యాంప్లిఫయరుకో కలిపితే ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు సన్నగా వినిపిస్తుంది. చెడిపోయిందని కంగారు పడకండి. సూది నుంచి వచ్చే విద్యుత్తు వోల్టులో వెయ్యోవంతుల లెక్కలో ఉంటుంది. దాన్ని పెంచడానికి ఫోనో ప్రీ యాంప్లిఫయర్ అనే చిన్న పెట్టె కావాలి. రికార్డు కోసేటప్పుడు లావు ధ్వనులు తగ్గించి, సన్న ధ్వనులు పెంచి కోస్తారు. వాటిని మళ్ళీ సమం చేసేదీ అదే. కొత్త ప్లేయర్లు కొన్నిట్లో లోపలే ఉండి, వెనక ఫోనో, లైన్ అని మీట ఉంటుంది. విడి పెట్టె లేకపోతే లైన్ వైపు పెట్టండి.

ఆగకుండా 'గుమ్' మని వస్తుంటే ప్లేయర్ వెనకనుంచి వచ్చే సన్న ఎర్తు వైరు యాంప్లిఫయరు మర కింద బిగించి ఉందో లేదో చూడండి. ఒక స్పీకరే మోగుతుంటే వెనక ఎర్ర, తెల్ల ప్లగ్గులు ఒకదాని చోట ఇంకోటి మార్చి చూడండి. మూగతనం రెండో స్పీకరుకి మారిందంటే తప్పు ప్లేయర్ వైపే. సూదిపెట్టె వెనక వెంట్రుకల్లాంటి నాలుగు వైర్లుంటాయి: తెలుపు, నీలం ఎడమవి, ఎరుపు, ఆకుపచ్చ కుడివి. వాటిలో ఏదో ఊడి ఉంటుంది. చెయ్యి వణక్కుండా ఉన్నవాళ్ళు పట్టకారుతో తోసుకోవచ్చు. లేదంటే ఈ ఒక్కపనీ మెకానిక్‌కి వదిలేయండి.

సూదికి స్నానం వద్దు

సూది కొన వజ్రానిది. అయినా అరుగుతుంది. సాధారణంగా 500 నుంచి 1000 గంటలకి మార్చాలంటారు. రోజుకి ఒక ఎల్పీ రెండువైపులా వింటే ఇంచుమించు ముప్పావు గంట అనుకున్నా, దాదాపు రెండేళ్ళ నుంచి మూడున్నరేళ్ళ దాకా వస్తుంది. 'స', 'శ' అక్షరాలు బుసకొట్టినట్టు వినిపిస్తే, అదీ రికార్డు చివరి పాటల్లో ఎక్కువగా ఉంటే, కొనకి దుమ్ము పట్టిందో, అరిగిందో అన్నమాట. మెత్తటి చిన్న బ్రష్షుతో వెనకనుంచి ముందుకి మాత్రమే తుడవండి. అడ్డంగా గానీ ముందునుంచి వెనక్కి గానీ తుడిస్తే సూదిని పట్టుకునే సన్నటి కాడ విరుగుతుంది. పనమ్మాయి చేతికి దుమ్ముగుడ్డ ఇచ్చేముందు ఆ మాట చెప్పి ఉంచండి, లేదా మూత వేసేయండి.

రికార్డులకి ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. బోరు నీళ్ళయితే ఆరాక ఉప్పు మరకలు మిగులుతాయి. గ్లాసు నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపి, మెత్తటి బట్టతో గీతల వెంబడి గుండ్రంగా తుడిచి, మళ్ళీ ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, నిలబెట్టి ఆరనివ్వండి. మధ్య కాగితం తడవకూడదు. కోస్తా జిల్లాల్లో వానాకాలంలో కవర్ల లోపల తెల్ల బూజు వస్తుంది. అప్పుడప్పుడు తీసి గాలాడనివ్వాలి. ఎండలో మాత్రం పెట్టకండి, అప్పడంలా వంకర తిరిగిపోతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి.

మీ ఇంట్లో పాత 78 రికార్డులుంటే ఆగండి. గాజులకి వాడే లక్కే వాటిలో ముఖ్యమైన సరుకు. ఆల్కహాల్ తగిలిందా, లక్క కరిగిపోతుంది. వాటి గీత కూడా లావుగా ఉంటుంది, ఎల్పీ సూది అడుగున దొర్లుతూ గరగరలాడుతుంది. 78కి వేరే లావు సూది ఉంటుంది. అది దొరికేదాకా వాటిని కదపకండి.

అమెరికా నుంచి పిల్లలు మోసుకొచ్చేవాటితో ఇంకో తంటా ఉంది. అడాప్టరుతో నడిచేవయితే ఫరవాలేదు. అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టులని రాసుందేమో చూసుకుంటే చాలు. నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టే పాతరకాలయితే వాళ్ళ 120 వోల్టులకి మన 230 ఇస్తే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కాపాడినా, అక్కడి కరెంటు సెకనుకి 60 సార్లు, మనది 50 సార్లు మారుతుంది. ఆ లెక్కన నడిచే మోటారైతే 33కి బదులు దాదాపు 28 చుట్లే తిరుగుతుంది. బెల్టు ఎన్నిసార్లు మార్చినా ఆ జలుబు తగ్గదు. దానికి 50కి సరిపోయే పుల్లీ దొరకాలి. కొనేముందే అడిగి రమ్మని ఫోన్లో చెప్పండి.

ఇంకొక్కమాట. పాట మధ్యలో కరెంటు పోతే పళ్ళెం ఆగిపోయి సూది రికార్డు మీదే ఉండిపోతుంది. కొవ్వొత్తి వెతికేలోపు మీట ఎత్తి చేతిని కొక్కేనికి పెట్టేయండి. చీకట్లో ఎవరి చెయ్యి తగిలినా గీత పడేది రికార్డు మీదే.